సేత్ వాలర్ కింద పెట్టిన రాయి

సేత్ వాలర్ ఏ రాయినైనా ఒక్కసారే ఎత్తుతాడు. ఎత్తి, రెండు అరచేతుల మధ్య ఒక్క తిప్పు తిప్పి, బొటనవేలితో దాని మొహం తడిమి, గోడలో ఎక్కడో ఒకచోట కూర్చోబెడతాడు. ఎత్తిన రాయిని తిరిగి గడ్డిలో పడేయడు. స్వేల్ లోయలో గోడలు కట్టేవాళ్ల పద్ధతి అది. చేతికొచ్చిన రాయికి చోటు చూపించాలి. చూపించలేనివాడు ఇంకో పని వెతుక్కోవాలి. అరవై ఏళ్లలో సేత్ ఆ తప్పు ఒక్కసారే చేశాడు.

ఆ ఏడు మంచు బరువుకు కేర్టన్ గారి పైచేలో ఎనిమిది అడుగుల పొడవున గోడ కూలింది. మే నెల మొదట్లో సేత్ దాన్ని విప్పి మళ్లీ కట్టడం మొదలుపెట్టాడు. సున్నం లేదు, మట్టి లేదు. అటో వరస, ఇటో వరస, కడుపులో చిన్నరాళ్లు, ఇక రాళ్ల బరువే రాళ్లకు ఆధారం. పొద్దున్నే మబ్బు కొండ దిగి వచ్చేది. అప్పుడు గోడ పది గజాల దూరం కనిపించి, తర్వాత మబ్బులోకి నడిచి వెళ్లిపోయినట్టుండేది. కొన్ని రాళ్లలో గవ్వల గుర్తులుండేవి. ఎప్పుడో ఇవి సముద్రం అడుగున ఉన్నవి. ఇంత ఎత్తు ఎలా ఎక్కాయో సేత్ ఎవరినీ అడగలేదు.

అతని జేబులో ఒక ఉత్తరం ఉంది. ఫిబ్రవరిలో బర్న్లీ నుంచి వచ్చింది. రాసినావిడ పేరు లెటిస్ వాలర్, మిల్లులో నలభై ఏళ్లు మగ్గాలు నడిపిన మనిషి. వాళ్ల తాత జొసయా, ఈ లోయలో గోడలు కట్టిన టోబయాస్ అన్నదమ్ములట. మీరు టోబయాస్ గారి కొడుకో మనవడో అయి ఉండాలి, లోయలో మిగిలిన చివరి వాలర్ మీరే, మే నెలలో మిమ్మల్ని చూడటానికి వస్తున్నాను అని రాసింది. వరస సరిగా తెలియక కాబోలు, మొదటి మాటే, ప్రియమైన అన్నయ్యకు.

తాను టోబయాస్‌కు ఏమీ కానని ఆ రోజే జవాబు రాసేయాల్సింది. సేత్ రాయలేదు. భార్య పోయి పదకొండేళ్లు. అన్నయ్యా అని పిలిచినవాళ్లు పుట్టాక ఎవరూ లేరు. నిజం చెబితే ఆ పిలుపు పోతుంది, దాంతోపాటు పేరూ పోతుందేమో. చెప్పకపోతే ఆ రెండూ మిగులుతాయి. మూడు నెలలుగా మడిచీ విప్పీ, ఆ కాగితం మడతల దగ్గర పలచబడింది.

"ఏం పెద్దాయనా, ఇవాళ గడ్డం గీశావు. చెల్లెలు వస్తోందనా?" అన్నాడు కేర్టన్, చేలో అడ్డంగా నడిచి వస్తూ.

"గొర్రెల్ని చూసుకో."

"అవి నిన్నే చూస్తున్నాయి. పక్క చేలో గడ్డి తియ్యగా ఉంటుందని వాటికెవరో చెప్పారు. నువ్వేమో రాయిని పెళ్లికూతుర్ని చూసినట్టు చూస్తూ కూర్చుంటావు."

"తొందరగా కట్టమంటే కడతా. తొందరగా పడిపోతుంది."

కేర్టన్ నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. సేత్ ఎవరి బిడ్డో అతనికి తెలియదు. తెలిసినవాళ్లంతా చర్చి వెనక గడ్డికింద ఉన్నారు.

సేత్ మేజోడులో చుట్టిన సీసా తీసి టీ తాగాడు. జున్నుముక్క తిన్నాడు. గోడకు వీపు ఆనిస్తే కళ్లు మూతలు పడ్డాయి. తీతువు ఒకటి మబ్బులో ఎక్కడో కూస్తోంది. అర నిద్రలో అతనికి ఎప్పుడూ కనిపించే మనిషి కనిపించాడు. చాలా పాతకాలం మనిషి. ఇంటిపేర్లు లేని కాలం. ఆ మనిషి గోడ కడుతున్నాడు. కొండ కింద నుంచి ఎవరో కేక వేశారు. పేరు పెట్టి కాదు, ఓ గోడలాయనా అని. ఆ దేశపు మాటలో ఆ కేకే వాలర్. ఆ మనిషి తల తిప్పాడు. అంతే. అతని కొడుకు కూడా తిప్పి ఉంటాడు. సేత్ ఎన్నిసార్లు చూసినా ఆ మొహం మాత్రం మబ్బులోనే ఉండిపోయేది.

"అన్నయ్యా."

కళ్లు తెరిచాడు. ఎదురుగా నల్లకోటు వేసుకున్న పొట్టి మనిషి, చంకలో గుడ్డచుట్ట. అవసరానికి మించి గట్టిగా మాట్లాడుతోంది.

"లేవకు లేవకు. బస్సు దిగినప్పటి నుంచి ఎక్కుతూనే ఉన్నా. ఈ కొండ మీద మా తాత ఏం తిని బతికాడో గానీ, దిగిపోయి మంచి పని చేశాడు."

సేత్ టోపీ తీశాడు. ఒక రాయి ఎత్తాడు.

ఆమె చుట్ట విప్పి గోడ మీద పరిచింది. చలువ చేయని మిల్లుగుడ్డ, నాలుగు గజాలు. దాని మీద నల్ల సిరాతో పేర్లు, గీతలు. సీసం గనులు మూతపడ్డ ఏడు జొసయా ఏడుగురు పిల్లల్నీ తోపుడుబండినీ తీసుకుని కొండలు దాటాడు. నాలుగు రోజుల నడక. ఇద్దరు బర్న్లీలో మగ్గాల దగ్గర ఆగారు. ఒకడు క్వీన్స్‌లాండ్‌లో గొర్రెలు కాశాడు. ఒకడు ఒంటారియోలో చెట్లు కొట్టాడు. థిర్జా అనే పిల్ల కేప్‌టౌన్ వెళ్లే ఓడెక్కి, అక్కడ రొట్టెల కొట్టు పెట్టింది. వేలితో గీతల వెంట పోతూ ఆమె ఒక్కొక్కరినీ చెప్పింది. నూట పదకొండు మంది.

"కొండ దిగినవాళ్లలో ఒక్కడూ గోడ కట్టలేదు చూడు. పేరొక్కటే మోసుకుని తిరిగారు." గుడ్డ పైఅంచు దగ్గర వేలు ఆపింది. టోబయాస్ అని ఉంది. దాని కింద గీత, గీత చివర సేత్. "ఇదుగో నువ్వు."

సేత్ గోడ వైపు తిరిగాడు. చేతిలో రాయి అలాగే ఉంది. రాయితోనే అన్నట్టు, నేను ఆయనకు పుట్టలేదమ్మా అన్నాడు. అనేశాక గుండె తేలికపడింది.

వెనక నుంచి ఆమె అతని భుజం తట్టింది.

"ఇటు తిరిగి మాట్లాడు అన్నయ్యా. మగ్గాల మోతలో చెవులు ఎప్పుడో పోయాయి. పెదాలు చూస్తే గానీ నాకు మాట అందదు. ఏమన్నావు?"

సేత్ తిరిగాడు. ఆమె అతని పెదాల వైపు చూస్తోంది. ఏమీ లేదు అంటే సరిపోతుంది. చలిగా ఉంది అన్నా సరిపోతుంది. ఆమె కళ్లు అతని చేతుల మీదకు దిగాయి.

"ఇవి మా నాన్న చేతులే" అంది మెల్లగా.

సేత్ రాయిని గడ్డిలో పెట్టాడు. ఆ చేతులతో ఏం చేయాలో తెలియక కోటుకు తుడుచుకున్నాడు. తర్వాత పెదాలు స్పష్టంగా కదిపి చెప్పాడు. రిచ్మండ్ పేదల ఆశ్రమం నుంచి టోబయాస్ తనను తెచ్చుకున్నాడు. అప్పుడు ఏడేళ్లు. ఆశ్రమం పుస్తకంలో ఇంటిపేరు ఉండాల్సిన చోట ఒక గీత ఉంది. చిన్నరాళ్లు ఏరడానికి చేతులు కావాలని టోబయాస్ తెచ్చాడు, తర్వాత తిరిగి పంపలేదు. కింద నుంచి ఎవరైనా వాలర్ అని కేకేస్తే ఇద్దరూ తల తిప్పేవాళ్లు. పెళ్లినాడు ఫాదర్ గారు ఇంటిపేరు అడిగితే, పిలిస్తే తాను పలికే పేరు అదొక్కటే కనుక అదే చెప్పాడు.

లెటిస్ గుడ్డ మీద సేత్ పేరును వేలితో రుద్ది చూసింది.

"సిరాతో రాసేశాను" అంది చివరికి. "ఇది ఉతికితే పోయే సిరా కాదు."

"ఉత్తరం వచ్చినప్పుడే చెప్పాల్సింది."

"చెప్పాల్సింది. మూడు నెలల పాటు అందరికీ చెప్పుకున్నాను, నాకో అన్న ఉన్నాడని." గుడ్డ చుట్టింది. ఒక కొస వంకరగా వస్తే విప్పి మళ్లీ చుట్టింది. "ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?"

"నాకు తెలీదు."

ఆమె కొండ దిగింది. నల్లకోటు మబ్బులో కాసేపు చుక్కలా కనిపించి మాయమైంది. సేత్ ఆ పూట ఇంకో రాయి ఎత్తలేదు.

మర్నాడు పొద్దున అతను వెళ్లేసరికి లెటిస్ గోడ దగ్గరే ఉంది. కూలిన రాళ్ల కుప్ప మీద కూర్చుంది. ఒళ్లో గుడ్డ, చేతికి సిరా మరక.

"పదకొండింటికి బస్సు" అంది. "ఆ గీత కొట్టేశాను. నువ్వు ఆయన కొడుకువి కాదు గనుక. పేరు కొట్టెయ్యలేదు. టోబయాస్ పక్కన ఒకటి, నీ పక్కన ఒకటి రాశాను, గోడలు కట్టాడు అని. మిగతావాళ్లెవరికీ అలా రాయడానికి కుదర్లేదు."

సేత్ ఆమె పెదాల వైపు చూస్తూ నిలబడ్డాడు, తనకూ చెవులు పోయినట్టు.

"మరి నన్నేమని పిలుస్తావు?"

"అన్నయ్యా అనడం అలవాటైపోయింది. ఇప్పుడు మార్చలేను."

నిన్నటి రాయి గడ్డిలోనే ఉంది, మంచుకు తడిసి. సేత్ వంగి ఎత్తాడు. ఒక్క తిప్పు తిప్పాడు. బొటనవేలితో మొహం తడిమాడు. అది మొండిరాయి, ఒకవైపు గూని. చోటు దొరకడానికి కొంచెంసేపు పట్టింది. కూర్చోబెట్టి, అరచేత్తో నొక్కి చూశాడు. కదల్లేదు. వెనక దాని కడుపు కింద ఖాళీ ఉంది. తను తెచ్చుకున్న బకెట్టును కాలితో ఆమె వైపు జరిపి, ఆ ఖాళీలోకి చిన్నరాళ్లు ఏరమన్నాడు.