అత్త ఎదుట పాన్‌కేకులు

మా మేనత్తే నాకు అత్త. అందువల్ల ఆమె నన్ను అనడం పెళ్ళితో మొదలు కాలేదు, నిక్కరు వేసుకున్న రోజుల నుంచే సాగుతోంది. సెలవులకు ధర్మవరం వెళ్ళినప్పుడు, మగ్గం దగ్గర చేరిన ఇరుగుపొరుగు అందరి ముందు, "వీడు పెట్టినంతా తింటాడు గానీ చెంబుడు నీళ్ళు ముంచియ్యడు" అంది. ఆ మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ఆమెకు గుర్తు లేదట. అన్నవాళ్ళకు ఎందుకుంటుంది?

ఆ అత్తే ఈ ఏడు బడులు తెరిచాక పెనుకొండలో మా ఇంటికి వచ్చి, నా కూతుర్ని తనతో తీసుకుపోతానని కూర్చుంది.

నా భార్య హిందూపురం దగ్గర బట్టల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. తెల్లవారకముందే కంపెనీ బస్సు వచ్చేస్తుంది. నాది బస్టాండు పక్కన జిరాక్సు షాపు, పది గంటలకు తెరిస్తే చాలు. కాబట్టి పాపను లేపి, నీళ్ళు పోసి, జడలు వేసి, టిఫిన్ పెట్టి బడికి పంపేది నేనే. జడలు బాగానే వేస్తాను. టిఫిన్ దగ్గరే చిక్కు. పాప ఇడ్లీ ముట్టదు, ఉప్మా చూస్తే మొహం తిప్పుకుంటుంది. సగం రోజులు బిస్కెట్లతోనే వెళ్ళిపోతుంది.

"బిడ్డ ఎండిపోతాంది. తల్లి పనికి పాయ, తండ్రికి పొయ్యి వెలిగించేది రాదు. ధర్మవరంలో బడులు లేవా? ఆడ నేనుండా, మీ మామ ఉండాడు. ఆదివారం రైలుకు తీస్కపోతా" అంది అత్త.

నా భార్య తల వంచుకుంది గానీ కాదనలేదు. అదీ నేను మరిచిపోలేదు.

ఆ సాయంత్రం పాప నా ఫోన్లో ఒక వీడియో తెచ్చి చూపించింది. ఎవరో ఒకామె పెరుగు వేసి పాన్‌కేకులు చేస్తోంది. బొద్దుగా, దూదిలాగా ఉన్నాయి, మధ్య మధ్య నీలం పండ్లు.

"నాయనా, ఇది చేస్తావా? ఇదైతే తింటా."

అత్త మెడ చాచి చూసింది. "మీ నాయన పోస్తే దోసెనే చిరుగుతాది. ఇంక ఈ దిండ్లు చేస్తాడంట!"

మరునాడే హిందూపురం బస్సెక్కాను. అక్కడి సూపర్‌మార్కెట్ యజమానికి నేను బాగా తెలుసు. గడువు దాటిన మసాలా పొట్లం గురించి ఒకప్పుడు అతనితో వాదన పెట్టుకున్నాను, గెలిచాను.

"ఏమప్పా, మళ్ళా వచ్చినావా? ఈ తూరి దేనికి జగడం?"

"జగడానికి రాలేదు. బ్లూబెర్రీలున్నాయా?"

ఫ్రీజర్లోంచి ఒక ప్యాకెట్ తీసిచ్చాడు. చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. గలగలలాడలేదు, రాయిలాగా ఉంది. "ఇది ఒకసారి కరిగి మళ్ళీ గడ్డకట్టింది. వేరేది తియ్యి" అన్నాను. "నువ్వు మారవు కదప్పా" అంటూ అడుగు నుంచి ఇంకొకటి లాగాడు. అది గలగలలాడింది. దాన్ని కాగితాల్లో చుట్టి, స్టీలు డబ్బాలో పెట్టి, కరగకుండా ఇంటికి తెచ్చాను. నలుగురిలో నిలదీసేవాణ్ణి చూసి జనం నవ్వుతారు గానీ, మంచి సరుకు ఇంటికి చేరేది అలాంటివాడి వల్లే.

మొదటిసారి శుక్రవారం పొద్దున చేశాను. మైదా, చక్కెర, బేకింగ్ పౌడరు, చిటికెడు సోడా, ఉప్పు. వేరే గిన్నెలో గట్టి పెరుగు, గుడ్డు, కరిగిన వెన్న. రెండూ కలిపి, ఒక్క ఉండ మిగలకుండా నున్నగా గిలక్కొట్టాను. పెనం మీద గరిటెడు పోశాను. పోయగానే నా చెయ్యి నన్ను అడక్కుండానే గరిటె అడుగుతో గుండ్రంగా తిప్పేసింది. పుట్టినప్పటి నుంచి చూసింది దోసెలే, చెయ్యి మాత్రం ఏం చేస్తుంది? అందులో కలిపిన పండ్లు నలిగి, పిండి ఊదారంగు పూసుకుని, పెనమంతా పల్చగా పరుచుకుంది.

పాప ఒక ముక్క తిని, నా మొహం చూసి, "దోసె బాగుంది నాయనా" అంది.

 అత్త పాప గౌన్లు మడతపెట్టడం మొదలుపెట్టింది. ఆమె మాటలన్నీ ఒక ఎత్తు, ఆ మడతలు ఒక ఎత్తు.

ఆ రోజంతా షాపులో జిరాక్సులు తీస్తూ వీడియో మళ్ళీ మళ్ళీ చూశాను. ఆమె చేసిన పనులు కాదు, చేయని పనులు చూశాను. పిండి నున్నగా అయ్యేదాకా కలపలేదు. పోసింది తిప్పలేదు. అట్లకాడతో నొక్కలేదు. తొందరపడి తిరగేయలేదు.

ఆదివారం నా భార్యకు సెలవు. వంటింటి గడపలో నిలబడింది. అత్త నా మోచేతి పక్కనే నిలబడింది. పెరుగు గిన్నె చూస్తూనే మొదలుపెట్టింది.

"పెరుగులో చక్కెరేంది, గుడ్డేంది? యాడన్నా ఉండాదా?"

"ఈడ ఉండాది" అన్నాను.

పిండి నాలుగు తిప్పులు తిప్పి వదిలేశాను.

"గడ్డలుండాయి కదప్పా! కలుపు."

"ఉండనీ."

"ఉండనీ అంటే? కడుపులో పోయి కలుస్తాయా?"

"అత్తా, ఉండనీ అంటే ఉండనీ."

మంట తగ్గించి చిన్న గరిటెడు పోశాను. చెయ్యి పైకి తీసేశాను. పొడిపిండిలో పొర్లించిన పండ్లు పైన చల్లాను.

"గంటె తిప్పు! కుప్ప పోసి చూస్తాండావే? చెయ్యి ఆడకుంటే పని యాడయితాది? మగ్గం ముందర చేతులు కట్టుకోని కూర్చుంటే చీర అయితాదా?"

"ఇది చీర కాదత్తా."

చెయ్యి నిజంగానే లాగింది. గరిటె సింకులో పడేశాను. అందరూ నాకు ఓపిక లేదంటారు. ఒక మాటను ఇన్నేళ్ళు దాచుకున్నవాడికి, పిండి మీద బుడగలు లేచి పగిలేదాకా ఆగడం ఒక లెక్కా? ఆగాను. అంచులు తడి ఆరాయి. ఒక్కసారి తిరగేశాను. అది పెనం మీదే ఊపిరి పీల్చినట్టు పైకి లేచింది. పండు ఒకటి పగిలి, అంచున నీలం చుక్క ఉబికింది.

అత్త ముందుకు వంగి పెనంలోకి చూసింది. ఆ కాస్సేపూ నాకు బాగుంది. దాచుకోవలసిన అవసరం నాకు లేదు.

పాప మొదటిది తేనెతో తింది. రెండోది ఉత్తదే తింది. మూడోదానికి పళ్ళెం తానే తెచ్చుకుంది. నాలుక నీలమైంది. మెత్తగా ఉందని, లోపల పెరుగు పులుపు తగులుతోందని, పండు నోట్లో పగులుతోందని ఒక్కో ముద్దకూ చెప్పింది. బిస్కెట్ల డబ్బా వైపు చూడలేదు.

అత్త ఓడిపోయినట్టు ఒప్పుకోలేదు. పాప పక్కన కూర్చుని బుజ్జగింపుగా అడిగింది.

"అమ్మీ, పోదామా ధర్మవరం?"

"ఆడ ఇది ఎవరు చేస్తారవ్వా?"

"నేను చెయ్యనా?"

"నువ్వు గంటె తిప్పుతావు."

నా భార్య ఫక్కున నవ్వింది. నవ్వుతూనే, నాలుగు రోజులుగా నోట్లో పెట్టుకున్న మాట బయటికి అంది. "అమ్మా, పాప ఈడే ఉంటాది. సెలవులకు పంపిస్తాం."

నాలుగు రోజులు ఆలస్యంగా అంది. అయినా అంది.

మధ్యాహ్నం రైలుకు అత్త ఒక్కతే బయలుదేరింది. ప్లాట్‌ఫారం మీద నిలబడి, రైలు కనిపిస్తుండగా, "ఈ పొద్దు సరే. రేపు బడి పొద్దున ఏం పెడతావప్పా?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్న. అందుకే నాకు ఇంకా కోపం వచ్చింది. "పొద్దున ఫోన్ చెయ్ అత్తా, చెప్తా" అన్నాను.

చేసింది. నేను జడ వేసే దువ్వెన కూడా ఇంకా కింద పెట్టలేదు.

"అమ్మీకి ఫోనియ్యి."

"ఇవ్వలేను. నోటినిండా పాన్‌కేకు ఉంది."

 "తిననీ, తిననీ" అంది. బాగా చేశావని అనలేదు. ఆమె అనదని నాకు తెలుసు, అననిదాన్ని కూడా లెక్కలో వేసుకున్నాను. ఫోన్ పెట్టేసే ముందు, "పెరుగు మిగిలింటే మధ్యాన్నం బాక్సులో అన్నానికి కలిపి పంపు, లేకుంటే పులిసిపోతాది" అంది. అలా పంపాలని నేను ముందే అనుకున్నాను. ఆమె చెప్పిందని మానుకోలేదు.