చివరి నాలుగు పంక్తులు

ఆ అమెరికా కవయిత్రిని నేనెన్నడూ చూడలేదు. ఆమె గొంతు కూడా వినలేదు. అయినా రెండేళ్ళపాటు ఆమె బతుకునీ, ఆమె రాసిన నాలుగు పుస్తకాలనీ ముందు పెట్టుకుని వకీలులా కూర్చున్నాను. ఆమె తరఫున వాదిస్తున్నాననుకున్నాను. నా కేసుకు ఆమెను సాక్షిగా నిలబెట్టుకున్నానని తెలియడానికి ఒక ఎండాకాలపు పగలంతా పట్టింది.

ఆమె కథ చెప్పాలి. కొండల నడుమ బొగ్గు గనుల ఊరిలో పుట్టింది. తండ్రి వారమంతా గనిలో కూలి, ఆదివారం చిన్న చర్చిలో బోధకుడు. జబ్బు చేస్తే డాక్టరు దగ్గరికి పోవడం దేవుణ్ణి అవమానించడమేనని నమ్మిన మనుషులు వాళ్ళు. ఆమెకు పదిహేనేళ్ళున్నప్పుడు చెల్లెలికి జ్వరం వచ్చింది. తొమ్మిది రోజులు ఇంటినిండా ప్రార్థన జరిగింది, పదో రోజు చెల్లెలి శవం గడప దాటింది. రెండేళ్ళకు ఆమె ఇల్లు వదిలి, దూరపు పట్నంలో పోస్టాఫీసు ఉద్యోగంలో చేరింది. ఉత్తరాలు వేరు చేసే పని.

మొదటి పుస్తకం నలభయ్యో ఏట వచ్చింది. తొమ్మిది జ్వరం రోజుల మీద తొమ్మిది కవితలు, అంతే. దాన్ని వేసింది ఇద్దరు మనుషులు నడిపే చిన్న ప్రచురణ సంస్థ. రెండో పుస్తకం చిరునామా దొరకని ఉత్తరాల గురించి. తర్వాత పదకొండేళ్ళు ఒక్క ముక్క అచ్చు కాలేదు. మూడో పుస్తకం మూతపడిన గనుల మీద రాసింది. దానికి బహుమతి వచ్చింది, కాలేజీలో పాఠం చెప్పే పని వచ్చింది. ఆ పని మూడేళ్ళు చేసి మానేసి, మంచం పట్టిన తండ్రిని చూసుకోవడానికి తిరిగి ఆ కొండ ఊరికే పోయింది. నాలుగో పుస్తకం అక్కడ రాసిందే.

మూఢనమ్మకం మీద ఇంత కోపాన్ని ఇంత తక్కువ మాటల్లో పెట్టిన మనిషిని నేను చదవలేదు. నేను హేతువాద సభల్లో పెరిగినవాణ్ణి. మా సభల్లో ఒక పద్ధతి ఉండేది. ఎదుటివాడి గ్రంథం నుంచే పేజీ నంబరుతో సహా చూపించి, 'ఈ వాక్యం మీరు జనానికి ఎందుకు చదివి వినిపించరు' అని నిలదీయడం. పురోహితులు దాచిన వాక్యాలను బయటికి లాగి ముప్పై ఏళ్ళు చప్పట్లు కొట్టించుకున్నాను.

ఆమె కవితలను తెలుగులోకి తెచ్చింది మాత్రం నేను కాదు. భద్రాచలంలో ఇంగ్లిషు చెప్పే ఒక లెక్చరర్. దుమ్ముగూడెం దాటాక అడవిలోపల ఉన్న ఊరి అమ్మాయి. ఆ ఊరి నుంచి కాలేజీలో పాఠం చెప్పేదాకా వచ్చిన మొదటి మనిషి. కవయిత్రికి తనే మెయిల్ రాసి అనుమతి తెచ్చుకుంది. కవయిత్రి పెట్టిన షరతు ఒక్కటే: ఒక్క పంక్తి కలపకూడదు, ఒక్క పంక్తి తీయకూడదు. ఆ కాగితం మీద సంతకం పెట్టింది ఆ అమ్మాయి. పుస్తకం వేయిస్తున్నది నేను. వెనకాల 'కవయిత్రి జీవితం, రచనలు' అని పన్నెండు పేజీల వ్యాసం కూడా నాదే. నమ్మకం నుంచి హేతువు దాకా సాగిన ఒక ప్రయాణంగా ఆమె నాలుగు పుస్తకాలను వరసపెట్టి నిరూపించాను. నా వ్యాసాలన్నిటిలో నాకు నచ్చింది అది.

ఆ వ్యాసానికి అడ్డం పడింది నాలుగో పుస్తకంలోని చివరి కవిత. తండ్రి మంచం మీద ఉంటాడు. కూతురు ఆయన తల దువ్వుతూ ఉంటుంది. ఆయన జీవితమంతా చెప్పిన ప్రార్థన మొదలుపెట్టి, మధ్యలో మాటలు మర్చిపోతాడు. నోరు తెరిచి అలాగే ఉండిపోతాడు. కవిత అక్కడ ఆగితే నాకు అంతకన్నా కావలసింది లేదు. ఇంకా నాలుగు పంక్తులున్నాయి. కూతురు దువ్వెన పక్కన పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆయన మర్చిపోయిన మాటలు అందిస్తుంది. ప్రార్థన పూర్తయ్యేదాకా ఆయనతో కలిసి చెబుతుంది.

వయసు తెచ్చిన బలహీనత అనుకున్నాను. చెల్లెల్ని చంపిన ప్రార్థనను తన నోటితో చెప్పడమేమిటని కోపం వచ్చింది. ఆఖరి ప్రూఫులో ఆ నాలుగు పంక్తులు కొట్టేశాను. ఖమ్మంలోని ప్రెస్సుకు ఫోన్ చేసి, అచ్చుకు పొమ్మన్నాను. ఆ మర్నాడు పొద్దున బండి తీసుకుని అమ్మాయి ఊరికి బయల్దేరాను, విషయం చెప్పి ఒప్పిద్దామని. పని ముందు చేసి, చర్చకు తర్వాత కూర్చోవడం. వాదనలో ఓడనన్న ధీమా అలాంటిది.

ఊరు చేరేసరికి పదకొండయింది. తునికాకు కాలం, బీడీల కోసం ఆకు కోసే రోజులు. ఇంటి ముందు పందిరి కింద అమ్మాయి వాళ్ళమ్మ పొద్దున కోసుకొచ్చిన ఆకును కట్టలు కడుతోంది. సెలవులకు ఇంటికొచ్చిన అమ్మాయి పక్కన కూర్చుని నార అందిస్తోంది. నన్ను చూసి మంచం వాల్చింది. వాళ్ళమ్మ చెంబుతో జావ ఇచ్చింది.

"ఇంత ఎండల బండి మీద ఏంది సార్, ఫోన్ చేస్తే కాకపోవునా" అంది అమ్మాయి.

"నీ ఫోన్ కలిస్తే కదా."

"మా ఊర్ల టవర్ లేదు కదా సార్. గోదారి గట్టు మీదికి పోతేనే కలుస్తది."

నేను పుస్తకం సంగతి ఎత్తకుండా కాసేపు ఊరి సంగతులు అడిగాను. పెరట్లో మామిడిచెట్టు నిండా కాయలు. ఒకటి రాలి నా మంచం కాడ పడి ఉంది. తీసుకుని తుడిచాను.

"సారూ, దాన్ని ముట్టకు. మా పండుగ ఇంకా కాలే" అంది వాళ్ళమ్మ. కొత్త మామిడికాయను ముందు తమ దేవతకు పెట్టి పండుగ చేసుకున్నాకే ఆ ఊరి వాళ్ళు తింటారు. అప్పటిదాకా పిల్లలు కూడా ముట్టరు. నాకది తెలియని సంగతి కాదు. ఆ ఆచారం మీద ఒకప్పుడు వ్యాసం రాసినవాణ్ణి.

"రాలిన కాయే కదమ్మా. నాకేమవుతుందో చూద్దాం" అని కొరికి తిన్నాను. మా సభల్లో ఇలాగే చేసేవాళ్ళం. గ్రహణం రోజు అందరి ముందు అన్నం తినేవాళ్ళం. తిన్నాక ఏమీ కాదు, జనం చూస్తారు, వాదన ముగుస్తుంది.

వాళ్ళమ్మ చేతిలో ఆకు కట్ట అలాగే ఉండిపోయింది. తర్వాత దాన్ని కింద పెట్టి, కొంగు సర్దుకుని లేచి ఊరి పెద్దను పిలుచుకురావడానికి పోయింది. తప్పు జరిగితే దాచడం అక్కడ లేదట, ఇంటివాళ్ళే పోయి చెప్పుకోవాలట.

అమ్మాయి నా వైపు తిరిగింది. "ఎందుకు చేసిన్రు సార్?"

"నువ్వు నమ్ముతావా ఇదంతా?"

"నేనా? హాస్టల్ల ఉన్నప్పుడు పండుగకు ముందే ఉప్పూకారం అద్దుకొని తిన్న. నా సంగతి కాదు సార్."

ఊరి పెద్ద వచ్చాడు. బక్కపలచటి మనిషి, భుజం మీద తువ్వాల. నా చేతిలోని టెంకను చూశాడు, నన్ను చూశాడు. కోపం లేదు.

"సారుకు కడుపు నొయ్యదులే. పచ్చి కాయ గదా, పుల్లగ ఉండొచ్చు" అన్నాడు.

"ఏమీ కాలేదు, చూస్తున్నావుగా" అన్నాను.

"నీకెందుకైతది? నువ్వు మా దేవత లెక్కల లేవు. తిన్నది నువ్వు, తప్పు పడింది ఈ ఇంటి మీద." అమ్మాయి వైపు తిరిగాడు. "పూజారి అడవిలకు పోయిండు. పొద్దు వాలినంక వస్తడు. నీళ్ళు చల్లి శుద్ధి చేసేదాక మీరిద్దరు పొలిమేర దాటొద్దు, పని ముట్టొద్దు."

కట్టిన ఆకు కట్టలు అలాగే ఉన్నాయి. సాయంత్రంలోగా ఆకు కొనే కల్లానికి చేర్చకపోతే ఆ రోజు కోత వృథా. వాళ్ళమ్మ వాటి వైపు ఒకసారి చూసి, గుమ్మంలో కూర్చుంది. ఆ పెద్దతో వాదిస్తే గెలుస్తానని నాకు తెలుసు. గెలిచినా ఆ ఆకు కల్లానికి పోదు.

చివరికి వచ్చిన పని అమ్మాయికి చెప్పాను. ప్రూఫు కాగితం తీసి, కొట్టేసిన చోటు చూపించాను. ఎందుకు కొట్టేశానో మూడు కారణాలు చెప్పబోయాను. ఆమె మొదటి దాని దగ్గరే ఆపింది.

"ప్రెస్సుకు చెప్పిన్రా?"

"నిన్ననే."

"అంటే అచ్చయిందా?"

"చివరి ఫారం, అంటే ఆఖరి పదహారు పేజీలు, మధ్యాహ్నం మూడింటికి మిషన్ ఎక్కుతుంది. అందులోనే ఈ కవిత, నా వ్యాసం."

ఆమె నా చేతి గడియారం వైపు చూసింది. ఒంటిగంట దాటింది.

"సంతకం నాది సార్. ఆమె అక్కడెక్కడో ఉండి, నన్ను చూడకుండనే నా మాట నమ్మింది. ఒక్క పంక్తి తియ్యనని రాసిచ్చిన."

"నీకు తెలుగులో పేరొస్తుంది. అంత దూరాన ఉన్నామెకు ఎవరు చెబుతారు?" అన్నాను. ఈ మాట నేను అన్నానని రాయడానికి సిగ్గుగా ఉంది. అన్నాను కాబట్టి రాస్తున్నాను.

"పూజార్లు ఏదో దాస్తరని మీ పుస్తకంల చదివిన. మీరేం చేసిన్రు మరి?"

ముప్పై ఏళ్ళ సభల్లో నన్ను ఎవరూ నా ఆయుధంతోనే కొట్టలేదు. కవయిత్రి బలహీనపడిందని నేను అనుకోవచ్చు, వ్యాసంలో రాసి వాదించవచ్చు. కానీ నా వాదనకు సరిపడని సాక్ష్యాన్ని మాయం చేసి, మిగిలినదాన్ని నిరూపణ అన్నాను. ఎదుటివాడు చేస్తే దాన్ని మోసం అని మైకులో అరిచేవాణ్ణి.

"గట్టు మీదికి పోదాం రా. బండి ఉంది, నువ్వే ప్రెస్సువాళ్ళతో మాట్లాడు" అన్నాను.

ఆమె లేవబోయి గుమ్మం వైపు చూసింది. పొలిమేర దాటొద్దన్న మాట వాళ్ళమ్మ నోరు తెరిచి చెప్పలేదు. ఆమె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, పని లేక ఏం చేయాలో తెలియనట్టు కూర్చుని ఉంది.

"నేను రాను సార్."

"ఇప్పుడేగా నమ్మనన్నావు."

"నమ్మ. మా అమ్మను ఒక్కదాన్నే కూసోబెట్టి పోవాల్నా?"

ఆమె లోపలికి పోయి కాగితం తెచ్చి, నాలుగు పంక్తులూ గుండ్రటి అక్షరాలతో రాసింది. నా చేతికి ఇవ్వడానికి ముందు కొంచెంసేపు పట్టుకునే ఉంది. నన్ను పంపడం తప్ప ఆమెకు మరో దారి లేదు. నేను గట్టు మీదికి పోయి సిగరెట్టు కాల్చుకుని తిరిగొచ్చి, ఫోన్ కలవలేదని చెప్పినా ఆమె నమ్మాల్సిందే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"పోయిరాండ్రి సార్" అంది.

అడవి బాటలో ఇసుక. బండి రెండుచోట్ల దిగబడింది. దిగి తోసుకుంటూ పోయాను. గట్టెక్కేసరికి రెండున్నర. ఫోన్లో సిగ్నల్ గీత ఒకటి కనిపించి పోయింది. ఇంకొంచెం పైకి నడిచాను. ప్రెస్సు యజమాని మూడోసారికి ఎత్తాడు.

"ప్లేట్లయిపోయినయ్ సార్. పిల్లలు మిషన్ కడుగుతున్రు."

"చివరి కవితకు నాలుగు పంక్తులు కలపాలి."

"నాలుగు పంక్తులు ఏడ పట్టిస్తం? ఆ పేజీ నిండిపోయింది. అవి పక్క పేజీకి పోతయ్. పక్క పేజీల మీ వ్యాసం మొదలైతది. అంతా ఒక పేజీ జరగాలె. పదహారు పేజీల ఫారం సార్, పదిహేడో పేజీ ఎక్కడికెల్లి తెస్తం?"

"వ్యాసంలో ఒక పేజీ తీసెయ్."

"ఏ పేజీ?"

ఆఖరి పేజీలో నా ముగింపు ఉంది. నాలుగు పుస్తకాలనూ ఒక్క గీత మీద నిలబెట్టి, ఆ గీత చివర కవయిత్రి హేతువాదిగా మిగిలిందని తేల్చిన పేజీ. ఆ నాలుగు పంక్తులు తిరిగి వచ్చాక ఆ పేజీ నిలబడదు. దాన్ని తిరగరాయాలంటే నాకు వారం కావాలి. మిషన్ అరగంట కూడా ఆగేలా లేదు.

"ఆఖరిది."

"ముగింపు లేకుంట మధ్యల ఆగిపోతది సార్. జనం మమ్మల్ని తిడ్తరు, పేజీ మింగిన్రని."

"తిట్టనీ. రాసుకో" అని నాలుగు పంక్తులూ చదివాను. సిగ్నల్ పోయింది. మళ్ళీ కలిపి మళ్ళీ మొదటి నుంచి చదివాను. నా గొంతుతో ప్రార్థన అందించే ఆ పంక్తులు చదవడం ఇబ్బందిగానే ఉంది. అతను తిరిగి చదివి వినిపించాడు. మూడో పంక్తి తప్పు, దిద్దించాను.

ఊరికి తిరిగి వచ్చేసరికి నాలుగవుతోంది. తల్లీకూతుళ్ళు అదే గుమ్మంలో పక్కపక్కన కూర్చుని ఉన్నారు. పూజారి ఇంకా రాలేదు.

"చెప్పాను" అన్నాను.

"ఏమని చెప్పిన్రు?"

మొత్తం చెప్పాను, ప్రెస్సువాడి మాటలతో సహా. ఆమె మెచ్చుకోలేదు. "పుస్తకం వచ్చినంక చూస్త" అంది. నాకు అందులో తప్పు కనిపించలేదు. చూసి నమ్మమనే కదా నేను అందరికీ చెబుతూ వచ్చింది.

పుస్తకం వచ్చింది. భద్రాచలంలో కాలేజీ ఎదుట మొదటి ప్రతి ఆమె చేతిలో పెట్టాను. అట్ట కూడా చూడకుండా చివరి కవిత తీసి, వేలు పెట్టి నాలుగు పంక్తులూ లెక్కపెట్టింది. తర్వాతే అట్ట మీద తన పేరు చూసుకుంది. ఒక ప్రతి కవయిత్రి ఉన్న కొండ ఊరికి పోస్టు చేసింది.

నా వ్యాసం పదకొండో పేజీ చివర ఒక వాక్యం సగంలో ఆగిపోతుంది. పేజీ ఊడిపోయిందేమోనని పాఠకులు అప్పుడప్పుడు ఉత్తరం రాస్తారు. చివరి కవిత విషయంలో కవయిత్రితో నాకు ఇప్పటికీ పేచీ ఉంది, చెల్లెలి తొమ్మిది రోజులు నేను మర్చిపోలేను. రెండో ముద్రణకు ఆ వ్యాసం పూర్తి చేసి ఇమ్మని అమ్మాయి అడిగింది. మూడుసార్లు మొదలుపెట్టాను. ఆ నాలుగు పంక్తులను కూడా లెక్కలోకి తీసుకుని రాసే ముగింపు నాకింకా చేతకాలేదు.