భివండిలో నేను వెతికిన మనవాళ్ళు

నాకు సంతకం చెయ్యడమే వచ్చు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. మాది వరంగల్, నేత పని. కొన్నేళ్ళ క్రితం బతుకుతెరువుకు బొంబాయి దగ్గరి భివండి వెళ్ళాం. అక్కడ మరమగ్గంలో మా ఆయన చెయ్యి ఇరుక్కుని నలిగిపోయింది. దవాఖానలో వెంటనే నెత్తురు కావాలన్నారు. నాది కలవలేదు.

ఎవరో బీహార్ ఆయన, "భాభీ, మేరా ఖూన్ లేలో" అని, తన నెత్తురు తీసుకొమ్మంటూ నా వెనకే తిరిగాడు. నెత్తురు అమ్ముకునే దళారీ అనుకున్నాను. "నువ్వు మావోడివి కాదు, దూరం జరుగు!" అని కసిరి గేటు దగ్గరికి పరుగెత్తాను.

"వరంగలోళ్ళు ఎవరన్నా ఉన్నరా? తెలుగోళ్ళన్నా ఉన్నరా అయ్యా?" అంటూ వచ్చేపోయేవాళ్ళ చేతులు పట్టుకుని ఏడ్చాను. గంటకు ఒక కరీంనగర్ ఆటో డ్రైవర్ దొరికాడు.

"ఫికర్ చెయ్యకు అక్కా, నేనిస్త" అన్నాడు.

ఆయనదీ కలవలేదు. అక్కడే కూలబడ్డాను.

ఆ బీహార్ ఆయన ఇంకా ఎదురుగానే ఉన్నాడు. అప్పుడు చూశాను. జుట్టు నిండా దూది నూగు, అచ్చం మా ఆయన తలలో ఉన్నట్టే. ఆయనా మగ్గం మనిషే!

"నీ కాళ్ళు మొక్కుత అన్నా, ఇయ్యి" అన్నాను. చొక్కా చెయ్యి పైకి మడిచాడు. ఆయనది కలిసింది.

మనిషి దక్కాడు. ఆలస్యమైందని చెయ్యి తీసేశారు. ఆ ఒంటిచేత్తోనే మా ఆయన ఇంకో నాలుగేళ్ళు బతికి కన్నుమూశాడు.

ఇప్పటికీ ఎవరైనా అడిగితే నాది వరంగల్ అనే అంటాను, దేశం పేరు నోటికి రాదు. కానీ ఆ గంటసేపు ఎవరిని తరిమానో మాత్రం మరిచిపోను.