అత్తమ్మ బొట్టు పెట్టిన హార్డ్ డిస్కు

ఈ ఉదయం జనగామలో మా ఇంటి వరండాలో కంప్యూటర్ డబ్బాను పక్కకు పడుకోబెట్టి, స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చున్నాను. ముసలి కంప్యూటర్. దాని తెర వెలిగేలోపు పొయ్యి మీద పప్పు ఉడికిపోతుంది. అందుకని అరచేతిలో ఇమిడే కొత్త డిస్కు ఒకటి కొనుక్కొచ్చాను. దాన్ని అమర్చడం బ్రహ్మవిద్య ఏమీ కాదు. ముందు కరెంటు ప్లగ్గు పీకెయ్యాలి. ఒంట్లో ఉండే కాస్త కరెంటు పోవడానికి ఇనుప డబ్బాను ఒకసారి ముట్టుకోవాలి. డిస్కును అరలో పెట్టి స్క్రూలు బిగించి, కరెంటుకు ఒక వైరు, సమాచారం వచ్చిపోవడానికి ఇంకో వైరు తగిలించాలి. ఇంతే. ఇంత చేసి ఆన్ చేస్తే, అసలు డిస్కే లేదు పొమ్మంది. విప్పాను, బిగించాను. మళ్లీ అదే పాట. ఒళ్లు మండి డబ్బాను ఒక్కటి చరిచాను. మంచం మీద కూర్చుని వక్క నములుతున్న మా అత్తమ్మ, "గా డబ్బ ఏం జేసింది బిడ్డా, దాన్నెందుకు గొడ్తవు?" అంది. ఎవరైనా అనొచ్చు గానీ ఆ మాట ఆవిడ అనొచ్చా? నాకు ఈ డబ్బాలతో తగవు మొదలైందే ఆవిడ చేతి బొట్టుతో.

అప్పట్లో మేము భూపాలపల్లిలో ఉండేవాళ్లం. మా ఆయన బొగ్గు బాయిలో పనిచేసేవాడు, నేను బడిలో తెలుగు చెప్పేదాన్ని. ఒకసారి టీచర్ల శిక్షణకు పట్నం పోయి, మాటల మధ్య "దూపైతుంది" అన్నాను. పక్కన కూర్చున్న ఇద్దరు టీచరమ్మలు దూప అంటే దాహమని తెలిసి కూడా పొట్ట పట్టుకుని నవ్వారు. ఇంటికొచ్చి ఉక్రోషంతో చెబితే అత్తమ్మ తాపీగా, "నవ్వినోళ్లకు దూప గాదా?" అంది. ఆ రోజే అనుకున్నాను, ఈవిడ నోట్లో ఉన్న మాటలన్నీ పోగుచేసి పుస్తకం వెయ్యాలని. చిన్న రికార్డర్ కొని ఆవిడ వెంట పడ్డాను. ఎన్ని మాటలు చెప్పిందో! రంది అంటే దిగులు, బుగులు అంటే భయం, పాయిరం అంటే ప్రేమ, ఇగురం అంటే ఒడుపు. అన్నిటికన్నా నాకు ఎక్కువ పనికొచ్చింది యాష్ట. విసుగు అంటే సరిపోదు, చిరాకు అన్నా సరిపోదు, యాష్ట యాష్టే. మాటల మధ్యలో ఒకరోజు ఆవిడ నాట్లప్పుడు పాడే నాటు పాట పాడింది. నాట్లేసే పిల్ల ఒకతె కొంగను తల్లిగారి ఊరికి తొవ్వ అడుగుతుంది, కొంగ ఒక్కొక్క వాగే దాటిస్తూ తొవ్వ చూపిస్తుంది. పాట అయిపోయేసరికి నేను ఏడ్చానని గుర్తుంది. ఏ మాటకు ఏడ్చానో గుర్తు లేదు. రికార్డర్‌లో ఎక్కే ఉంది కదా అనే ధీమా.

రికార్డర్ నిండినప్పుడల్లా కంప్యూటర్లో ఒంపి, దాన్ని ఖాళీ చేసేదాన్ని. ఇంకో కాపీ ఎందుకు పెట్టుకోలేదని అడగకండి, అడిగితే నాకు యాష్టకొస్తుంది. ఆ ఊళ్లో బొగ్గు దుమ్ము ఉతికిన చీరనే వదలదు, ఇక కంప్యూటర్ను వదులుతుందా? మూత తీసి బ్రష్షుతో దులుపుతూ ఉండాల్సిందే. ఆ దసరా నాడు కూడా మూత తీసి, దులిపి, బిగించకుండానే వంటింట్లోకి పోయాను. అత్తమ్మ ఆయుధ పూజ చేస్తూ స్కూటర్‌కు, కుట్టు మిషన్‌కు, రోకలికి బొట్లు పెట్టుకుంటూ వచ్చి కంప్యూటర్ దగ్గర ఆగింది. "నీ మాటలన్నీ గీంట్లనే ఉన్నయి అత్తమ్మా" అని హార్డ్ డిస్కును ఆవిడకు చూపించిన మహాతల్లిని నేనే. అందుకని మిగతా వాటికి పెట్టినట్టు కాకుండా, దానికి పసుపు తడిపి, బొటనవేలంత మందంగా అద్ది, మీద కుంకుమ పెట్టింది. తన మాటలున్న చోటు కదా, పాయిరం కొద్దీ గట్టిగానే నొక్కింది.

కొన్నాళ్లకు డబ్బాలోంచి టిక్కు టిక్కుమని చప్పుడు మొదలైంది, ఆ తర్వాత కంప్యూటర్ లేవనే లేదు. మహబూబాబాద్‌లో మా తమ్ముడి దోస్తు ఒక భాయ్ కంప్యూటర్లు బాగుచేస్తాడంటే డిస్కును పాత చీర ముక్కలో చుట్టుకుని బస్సెక్కి పోయాను. భాయ్‌కి పనికన్నా మాటలు ఎక్కువ. చాయ్ తెప్పించి, హార్డ్ డిస్కు పుట్టుపూర్వోత్తరాలు అందుకున్నాడు. లోపల అద్దంలాంటి పళ్లేలు గిర్రున తిరుగుతాయట. వాటి మీద ఒక సన్నటి చేయి వెంట్రుక కూడా దూరని ఎత్తులో, గాలి మీద తేలుతూ రాస్తుంది, చదువుతుంది. ఆ గాలి సమంగా ఉండాలని పైమూతకు చిన్న రంధ్రం పెడతారు. ఇదంతా చెప్పి, గుడ్డ విప్పి, నోరు తెరిచాడు. "యా అల్లా! మేడం, ఊపిరి తొర్ర మీద బొట్టెవరు పెట్టిండ్రు? మూయొద్దని ఇంగ్లీషుల రాసే ఉన్నది గద!" పసుపు తడి లోపలికి దిగిందని, చేయి పళ్లేన్ని గీకేసిందని తీర్పు చెప్పాడు. హైదరాబాద్ పంపిస్తే వాళ్లూ అదే మాట చెప్పి తిప్పి పంపారు. దాన్ని వెనక్కి తెచ్చుకున్న రోజు బస్సులో దారంతా నాకు ఏడుపు, కోపం రెండూ వచ్చాయి. ఎవరి మీద అరవాలో తెలియదు.

ఇంటికొచ్చి చెబితే అత్తమ్మ లేచి రికార్డర్ తెచ్చి నా చేతిలో పెట్టింది. తర్వాత, "నేను బతికే ఉన్న గద బిడ్డా. మల్ల చెప్త, పట్టుకో" అంది. చెప్పింది కూడా. మాటలు చాలావరకు దొరికాయి. కానీ నాటు పాట సగం దాకా వచ్చి, నడిమి వాగు దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత రాలేదు. బతిమాలాను, కసురుకున్నాను, ఆవిడ చెల్లెలికి ఫోన్ కలిపాను. "నన్ను సతాయించకు, యాదికొస్తె నేనే చెప్త" అని ముసుగు తన్నింది. ఏళ్లయింది, గుర్తుకు రాలేదు. చచ్చిన ఆ డిస్కు బొట్టుతో సహా అలమారలోనే ఉంది. పారెయ్యమని మా ఆయన ఇల్లు దులిపినప్పుడల్లా అంటాడు, నేను వినను.

ఇంతకీ ఈ పొద్దుటి సంగతి. వైరు సరిగ్గా దిగలేదంతే. గట్టిగా నొక్కితే కంప్యూటర్ డిస్కును గుర్తుపట్టింది. అత్తమ్మ లేచొచ్చి కళ్లజోడు సవరించుకుని వంగి చూసింది. "దీనికి తొర్ర ఏడున్నది? పక్కకు పెడ్త బొట్టు."

"దీనికి తొర్ర లేదత్తమ్మా. లోపల ఏదీ తిరగదు. ఊపిరి అక్కర లేదు."

"ఊపిరే లేకపోతె దానికి యాదెట్లుంటది?"

మైకు తగిలించి, పాటలో మిగిలిందైనా కొత్త డిస్కులోకి ఎక్కిద్దామని ఆవిడను పాడమన్నాను. గొంతు వణికినా బాగానే ఎత్తుకుంది. కొంగ వచ్చింది, తొవ్వ చెప్పింది, ఒక్కొక్క వాగూ దాటించింది. నడిమి వాగు దగ్గర ఎప్పటిలాగే ఆగింది.

"తర్వాత?" అన్నాను, ఉండబట్టలేక.

"తర్వాతది గాంట్ల ఉన్నది" అని అలమార వైపు చెయ్యి చూపించింది.

పాటలోని ఆ పిల్ల ఇన్నేళ్లుగా నడిమి వాగు ఒడ్డునే నిలబడి ఉంది, నాట్లేసే వయసులోనే. ముసలివాళ్లమవుతున్నది అత్తమ్మా నేనే.