కాశీకే అనుకున్నాం

నాకు యాభై ఏళ్లు దాటాక చదవడం వచ్చింది. నాంపల్లిలో మా గల్లీ చివరి బడిలో సాయంత్రం పూట పెద్దవాళ్లకు చదువు చెప్పేవారు. అక్షరాలు వచ్చిన కొత్తలో అబిడ్స్‌లో దుకాణాల బోర్డులు, బస్సుల మీద ఊళ్ల పేర్లు కూడబలుక్కుంటూ నడిచేదాన్ని. కొన్నాళ్లకు బోర్డులన్నీ అయిపోయాయి. అప్పుడు తెలిసింది, నాకు ఏదైనా రాసేవాళ్లు గానీ, నేను రాయాల్సినవాళ్లు గానీ ఎవరూ లేరని. మా ఆయన పోయి చాలా ఏళ్లయింది. పిల్లలు లేరు. సుల్తాన్ బజార్‌లో ఒక చీరల దుకాణం వెనక గదిలో కూర్చుని చీరలకు ఫాల్ కుట్టడం నా పని. పగలంతా మిషన్ చప్పుడు, ఇంటికొస్తే రైళ్ల చప్పుడు.

మాకు చదువు చెప్పిన టీచరమ్మ నన్ను ఫోన్‌లో ఒక గ్రూపులో కలిపింది. ఒంటరిగా ఉండి, తమ ఒక్కరి కోసమే వండుకునేవాళ్ల గ్రూపు అది. మధ్యాహ్నం ఎవరి కంచం వాళ్లు ఫొటో తీసి పెట్టాలి. కింద ఏం వండుకున్నారో రాయాలి. వాయిస్ మెసేజ్‌లు పెట్టకూడదు. ఆ నియమం గ్రూపు నడిపే పెద్దాయనది. బ్యాంకులో పనిచేసి రిటైరైన కోస్తా మనిషి. "అందరూ మాట్లాడితే వినేదెవరండీ? రాయండి, తీరిగ్గా చదువుకుంటాం" అనేవారు. నాకది శిక్షలా ఉండేది. "టమాటా పప్పు" అని రాసేసరికి అన్నం చల్లారిపోయేది. అయినా రాసేదాన్ని. నేను ఏం తిన్నానో ఇంకొకరికి తెలియడం, మా ఆయన పోయాక మళ్లీ అప్పుడే.

ఆ గ్రూపులో నిజామాబాద్ నుంచి ఒకామె ఉండేది. ఆమె ముఖం నేనెప్పుడూ చూడలేదు. కానీ ఆమె స్టీలు కంచం అంచున ఒక సొట్ట ఉంటుందని తెలుసు, కూర ఏదైనా పక్కన ఒక పచ్చిమిరపకాయ ఉంటుందని తెలుసు. నా టమాటా పప్పుకు ఎవరూ బదులివ్వని రోజున కూడా ఆమె ఒక మాట రాసేది. "మంచిగుంది అక్కా" అని.

కొన్నాళ్లుగా ఆమె కంచం రావడం తగ్గింది. ఒక మధ్యాహ్నం మళ్లీ ఫొటో పెట్టింది. కడిగి బోర్లించిన కంచం. కింద ఇలా ఉంది: "బియ్యం, పప్పులు, తొక్కులు అన్ని కింది ఇంటోళ్లకు ఇచ్చేసిన. ఇగ నాకు అక్కర లేదు. ఎవరినన్న ఎప్పుడన్న ఏమన్న అంటే మాఫ్ చెయ్యిన్రి. అందరికి దండాలు."

మా పెద్దవాళ్లు కాశీకి బయల్దేరేటప్పుడు ఇలాగే చేసేవారు. తిరిగొస్తామో రామోనని ఇంట్లో సరుకు పంచిపెట్టి, తెలిసినవాళ్లందరినీ తప్పులుంటే మన్నించమని అడిగి పోయేవారు. అక్కడ తమకిష్టమైన ఒక కాయో పండో వదిలేసి, మళ్లీ జన్మలో ముట్టేవారు కాదు. అందుకని గ్రూపంతా కాశీ ప్రయాణమే అనుకుంది.

"శుభం! విశ్వనాథుడికి మా అందరి నమస్కారాలు చెప్పండమ్మా" అని పెద్దాయన మొదలుపెట్టారు.

"ఏ కూర ఇడిసిపెడ్తవ్ అక్కా?" అని ఒకామె.

"కాకరకాయ ఇడిసిపెట్టు, పీడ పోతది" అని ఇంకొకామె.

"గట్ల చెల్లదు! ఇష్టమైందే ఇడ్వాలె. పచ్చిమిరపకాయ ఇడ్వుమనున్రి, చూద్దాం."

"అది ఇడిస్తే మొగులు కూలుతది!"

తర్వాత వరసగా పువ్వులు, దండం పెట్టే చేతులు. ఆమె ఒక్కరికీ బదులు రాయలేదు.

ఇదంతా చదవడం నాకు చాయ్ వేళకు గానీ పూర్తి కాలేదు. నేను కూడా కాశీకే అనుకున్నాను. నా మనసులో మెదిలింది ఒక్కటే. కాశీ బండి ఎక్కాలంటే ఆమె హైదరాబాద్‌కు రావాలి. మా ఇల్లు స్టేషన్ పక్కనే. ఒక్కసారి ఆమెను కళ్లారా చూడొచ్చు. గ్రూపులో రాస్తే అందరూ వస్తామంటారని ఆమెకు విడిగా రాశాను.

"బండి ఎప్పుడు? నాంపల్లి కెల్లి పోతే చెప్పు. ఫ్లాస్కుల చాయ్ పట్టుకొని వస్త."

కాసేపటికి బదులొచ్చింది. "బండి లేదు."

"మరి ఎట్ల పోతవ్?"

"కాశీ అని నేనన్ననా అక్కా? వాళ్లే అనుకున్నరు."

బోర్లించిన కంచం ఫొటో మళ్లీ తెరిచి చూశాను. అడగాల్సిన మాట నేను అంతవరకు ఎప్పుడూ రాయలేదు, మా పుస్తకంలో అది లేదు. "పానం మంచిగ లేదా" అని రాసి చెరిపేశాను. "ఏమైంది" అని రాసి అదీ చెరిపేశాను.

ఇంతలో ఆమె రాసింది. "ఏం రాస్తున్నవ్ గింతసేపు? ఫోన్ పక్కకు పెడ్దామనుకుంటే, నీ పేరు కింద 'టైప్ చేస్తున్నారు' అనే వస్తున్నది."

నేను రాస్తున్నట్టు అవతలి మనిషికి కనబడుతుందని నాకప్పటిదాకా తెలియదు. నా తడబాటంతా ఆమె చూస్తూ కూర్చుంది.

దుకాణం ముందు నుంచి మా సేఠ్ కేకేశాడు. "ఏందమ్మా, గా పట్టు చీర అయిందా?"

"కాలే సేఠ్. జర ఆగున్రి."

ఉన్నదున్నట్టు రాశాను. "చనిపోవాలనుకుంటున్నవా చెల్లె?"

"ఔ."

ఆ ఒక్క అక్షరం చదవడానికి మాత్రం నాకు సేపు పట్టలేదు.

"ఇప్పుడు పక్కన ఎవరున్నరు?"

"ఎవరు లేరు."

"కింది ఇంటామె?"

"ఉంది. బియ్యం ఏరుతున్నట్టుంది. నావే."

"కిందికి పో. ఆమె పక్కన కూసో."

"ఏమని చెప్పాలె? నవ్వుతరు."

"నువ్వేం చెప్పకు. ఫోన్ ఆమెకియ్యి, నేను చెప్త. నాకు రాయనీకె లేటైతది, ఆగు."

"ఆగిన."

మెట్లు దిగుతూ కూడా ఒక మాట రాసింది, దిగుతున్నానని. అప్పుడు ఫోన్ చేశాను. ఎత్తింది కింది ఇంటామె. విషయం చెప్పి, ఆమెను ఒక్కదాన్నే వదలొద్దని బతిమాలాను. "అయ్యో, నేను సుత కాశీకే అనుకుంటినమ్మా" అని ఏడ్చిందామె. వెనక నుంచి సన్నగా ఒక దగ్గు వినిపించింది. నిజామాబాద్ ఆమె గొంతు నేను విన్నది అంతే.

తర్వాత పెద్దాయనకు చేశాను. "శుభం అన్నది నేనే కదండీ" అన్నారు. వెంటనే తేరుకుని, ఇలాంటి వేళ మనుషులతో మాట్లాడే సర్కారు ఫోన్ నంబరు కనుక్కుని కింది ఇంటికి చేరవేశారు. ఆ నంబరులో మాట్లాడినవాళ్లు చెప్పినట్టే, చీకటి పడకముందే ఆమె తమ్ముడు వచ్చి దవాఖానకు తీసుకుపోయాడు.

తమ్ముడి భార్య ఒకసారి రాసింది. మందులు వాడుతున్నారట, ఎక్కువ నిద్రపోతోందట, ఫోన్ కొన్నాళ్లు తమ దగ్గరే ఉంచుతామంది. మంచిదన్నాను. ఆ తర్వాత ఏమీ లేదు. గ్రూపులో ఇప్పుడు ఎవరి కంచమైనా రాకపోతే పెద్దాయన స్వయంగా ఫోన్ చేస్తున్నారు. వాయిస్ పెట్టొచ్చని కూడా అన్నారు. నేను మాత్రం రాస్తూనే ఉన్నాను. "మంచిగుంది అక్కా" అనే మాట లేని మధ్యాహ్నాలు పొడుగ్గా ఉంటాయి. పని అయ్యాక మొజంజాహీ మార్కెట్ దాకా నడిచి, పండ్లు బేరం చేసి, కొనకుండానే ఇంటికొస్తుంటాను.

మొన్న మిషన్‌లో దారం ఎక్కిస్తుంటే ఫోన్ వెలిగింది. టమాటా పప్పు కింద ఎవరైనా ఏమైనా రాశారేమో అనుకున్నాను. నిజామాబాద్ ఆమె పేరు. తెరిస్తే మెసేజ్ లేదు, చెరిపేసినట్టుంది. పేరు కింద మాత్రం 'టైప్ చేస్తున్నారు' అని ఉంది. అది పోయింది. మళ్లీ వచ్చింది. మళ్లీ పోయింది.

నేనేమీ రాయలేదు. తెర ఆరిపోకుండా వేలితో తాకుతూ కూర్చున్నాను.

సేఠ్ ముందు నుంచి పిలిచాడు. జర ఆగమన్నాను.