ఆఖరి గడి

మా చిన్నప్పుడు... మా తమ్ముడు నా చంక దిగేవాడు కాదు. మూడేళ్లొచ్చినా అంతే. నాకప్పుడు తొమ్మిదేళ్లు. రాజోలు దగ్గర కాలవ గట్టు మీద మా ఇల్లు. అమ్మకి వంట, పశువులు, పొలంలో వాళ్లకి అన్నం మోసుకెళ్లడం... "వాణ్ణి చూస్తా ఉండమ్మా" అనేసి వెళ్లిపోయేది. ఇంటికి పెద్దకూతుర్ని, కాదనేదేముంది.

చంకలో పిల్లాడితో ఒంటికాలి మీద తొక్కుడుబిళ్ల ఎలా ఆడతారు చెప్పండి... పగిలిన పెంకు ముక్కని నూతి చుట్టూ ఉన్న చపటా గచ్చు మీద అరగదీసి అరగదీసి గుండ్రటి బిళ్ల చేసుకున్నాను. అలాంటిది మా వీధిలో ఎవరికీ లేదు. దాంతో ఆడింది మాత్రం మిగతా పిల్లలే. నేను బిళ్ల అరువిచ్చి, గట్టు మీద కూర్చుని చూసేదాన్ని.

కోపం వచ్చేది. నిజం చెప్పాలంటే వాడి మీదే వచ్చేది.

ఓ రోజు ఉపాయం తట్టింది. కొబ్బరాకు చుట్టి, విడిపోకుండా ఈనెపుల్ల గుచ్చి, బూర చేసి వాడికిచ్చాను. పాక నీడలో కూర్చోబెట్టి, ఊదుతూనే ఉండాలిరా అని చెప్పాను. బూర వినబడినంతసేపూ వాడు కాలవ వైపు పోలేదన్నమాటే కదా. అస్తమానూ వెనక్కి తిరిగి చూడక్కర్లేదు.

ఆ రోజు ఆడాను. ఎదురింటి సత్యవతి రెండుసార్లు గీత తొక్కింది. నేను ఒక్కసారీ తొక్కలేదు. ఒక్కో గడీ దాటుకుంటూ ఆఖరి గడికి వచ్చాను. అదొక్కటీ అయితే ఆట నాదే... వెనక పీ... పీ... అని బూర. బిళ్ల వేద్దామని చెయ్యెత్తాను.

బూర ఆగిపోయింది.

బిళ్ల ఎక్కడ పడేశానో తెలీదు, ఒకటే పరుగు. చూస్తే... వాడు బూర గుప్పిట్లో పట్టుకుని నిద్రపోతున్నాడు. ఎత్తుకుని ఏడ్చేశాను. వాడు దక్కాడనో, ఆట పోయిందనో... రెండూనూ.

మధ్యలో వదిలేసి వెళ్తే ఔటేనంది సత్యవతి. న్యాయమే.

వాడి వెనక మా అమ్మకి ఇంకో ఇద్దరు పుట్టారు. నా చంక ఖాళీ అయ్యేసరికి నాకు ఓణీ వేశారు. ఓణీ వేశాక వీధిలో ఆటలేమిటన్నారు. ఆ ఆఖరి గడి అలాగే ఉండిపోయింది.

మొన్న ఫోనులో తమ్ముడికి ఈ సంగతి మొదటిసారి చెప్పాను. వాడికీ ఎనభై దగ్గర పడ్డాయి.

"పోనీ ఇప్పుడు ఆడెయ్యక్కా. ఈసారి నేను ఆపకుండా ఊదుతాలే" అన్నాడు.

నవ్వాను. ఒంటికాలి సంగతి దేవుడెరుగు, రెండు కాళ్ల మీద నిలబడ్డానికే గోడ పట్టుకుంటున్నాను... అలసిపోయాను రా అని మాత్రం వాడితో అనలేదు.

ఇప్పుడు పిల్లల్ని ఊరుకోబెట్టడానికి ఫోనుంది. పెద్దపిల్లల చంకలు ఖాళీ, నాకు సంతోషమే. కానీ మీ ఇంట్లోనూ ఆడకుండా ఆడించిన ఓ అక్క ఉండే ఉంటుంది... ఆవిడకి ఏ ఆట మిగిలిపోయిందో ఒక్కసారి అడిగి, ఇక్కడ రాయండి.