ఎవరి పనైనా సరే

మా అక్క మెత్తనిదని బంధువులందరూ అంటారు. వాళ్ళకేం తెలుసు! చిన్నప్పుడు నేను తన పెన్ను విరగ్గొడితే ఏడాది ఆగి, నా పుట్టినరోజు నాడు నా కొత్త పెన్ను విరిచింది.

అక్క ఓ పెద్దాసుపత్రి కంప్యూటర్ విభాగంలో పనిచేస్తుంది. రోగుల వివరాలుండే డేటాబేస్ తన చేతికిందే. ఒకే మనిషి మూడు పేర్లతో నమోదైన పాత ఫైళ్ళను కలిపే పని ఓ ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టింది. దాని మానాన అది తొమ్మిది గంటలు నడవాలి. ఎనిమిదో గంటలో విభాగం హెడ్డు వచ్చి, తనకేదో తొందరుందని సర్వర్ ఆపేశాడు. తెర మీద అక్క పేరు కనిపిస్తూనే ఉంది. ఆపమంటే సర్వర్ నడుస్తున్న పనికి ముప్పై సెకన్లు గడువిచ్చి, తర్వాత పీక నొక్కేస్తుంది. సగంలో చచ్చిన పని చేసిన మార్పులన్నీ ఒక్కొక్కటే వెనక్కి తిప్పుకుని సర్వర్ లేచేసరికి సోమవారం మధ్యాహ్నమైంది. అప్పటిదాకా రోగులు కౌంటర్ ముందు బారులు తీరి నిలబడ్డారు.

మీటింగులో హెడ్డు, "ఆవిడ పని మధ్యలో వదిలేసి భోజనానికి ఇంటికెళ్ళింది" అన్నాడు. అక్కకి మెమో ఇచ్చి ప్రమోషన్ ఆపేశారు. నాకైతే వెళ్ళి అతని చొక్కా పట్టుకోవాలనిపించింది. అక్క నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది.

తర్వాత నెలరోజులు పెద్ద పనులన్నిటినీ ముక్కలు చేసింది. ఐదొందల ఫైళ్ళకోసారి ఎక్కడిదాకా వచ్చిందో పనే గుర్తు రాసుకుంటుంది. ఆపమంటే చేతిలో ముక్క పూర్తిచేసి ఆగుతుంది, లేచాక అక్కణ్ణుంచే అందుకుంటుంది. విభాగంలో అందరూ తమ పనులకూ అలా చేయించుకున్నారు, హెడ్డు తప్ప. "నువ్వు నాకు నేర్పుతావా?" అన్నాడట.

ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదు. ఓ రోజు డైరెక్టర్ల కోసం ఏడాది ఆపరేషన్ల నివేదిక తీసే పని పొద్దున్నే తనే పెట్టుకున్నాడు. మధ్యాహ్నానికి సర్వర్ నత్తనడక. గదిలోంచి ఊగిపోతూ వచ్చాడు.

"ఎవరో పెద్ద పని పెట్టి కూర్చున్నారు. సర్వర్ ఆపి మళ్ళీ పెట్టు."

"ఎవరిదో చూసి చెప్పనా సార్?" అంది అక్క. తెర మీద ఉన్నది ఆయన పేరే.

"ఎవరిదైతే నాకేంటి? ఆపెయ్!"

"రాసివ్వండి సార్. మళ్ళీ మెమో నాకే వస్తుంది."

విసుక్కుంటూ కాగితం లాక్కుని 'ఎవరి పనైనా సరే, వెంటనే ఆపండి' అని రాసి సంతకం గీకాడు. అక్క ఆపేసింది. ఆ ముప్పై సెకన్లూ గడియారం చూస్తూ ఒక్కటీ వదలకుండా లెక్కపెట్టిందట. వింటుంటే నాకు కడుపు నిండిపోయింది.

నాలుగింటికి హెడ్డు అక్కని వెంటబెట్టుకుని, నివేదిక లేకుండా డైరెక్టర్ల ముందు నిలబడి, "మళ్ళీ ఈవిడే ఆపేసిందండీ" అన్నాడు. కాగితం సంగతి మర్చిపోయాడో, అక్కకి అంత ధైర్యం లేదనుకున్నాడో. అక్క కాగితం బల్ల మీద పెట్టింది. పెద్ద డైరెక్టరమ్మ దాన్ని పైకి చదివి, పాత మెమో ఫైలు కూడా తెప్పించమంది. హెడ్డు తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు.

బయట వరండాలో అక్కని ఆపాడు. "అది నా పనని నీకు ముందే తెలుసా?"

"తెలుసు సార్. ఆ ఆదివారం అది నా పనని మీకు తెలిసినట్టే."